పాలడబ్బా మూతల బెల్టు

ఇక్కడివాళ్ళు బార్బీ అనే నిప్పుల పొయ్యి మీద మొక్కజొన్న పొత్తులు తిప్పుతున్నాను. పొగ కంట్లో పడిందని చెప్పి కొంగుతో తుడుచుకున్నాను. నిజానికి నా కళ్ళు మండింది మా అన్నయ్య అన్న మాటకి.

పొద్దున్నే ఇక్కడ కేరమ్ డౌన్స్‌లో ఉన్న గుడికి వెళ్ళి, పులిహోర ప్రసాదం తిని, మధ్యాహ్నానికి మా అమ్మాయి ఇంటి పెరట్లోకి చేరాం. అన్నయ్య విజిటర్ వీసా మీద వచ్చి నెల దాటింది. మా చెల్లెలు ఇక్కడ ఎప్పటినుంచో డాక్టరు. అది కూడా వచ్చి, నల్ల కళ్ళద్దాలు తలమీదికి తోసుకుని గొడుగు కింద కూర్చుంది. మనవడూ మనవరాలూ ట్రాంపొలిన్ మీద ఒకర్నొకరు పడేసుకుంటున్నారు. ముందురోజు మా అల్లుడు వాళ్ళని దగ్గర్లోని హాల్లో కుస్తీ ఆటకి తీసుకెళ్ళాడు. ఇద్దరిద్దరు జట్లుగా ఆడే కుస్తీ. ఒకడు బరిలో దెబ్బలు తింటుంటే జతగాడు మూలన తాళ్ళ అవతల నిలబడి చెయ్యి చాపుతాడు. లోపలివాడు వచ్చి ఆ చెయ్యి తాకితేనే బయటివాడు లోపలికి రావాలి. దాన్ని ట్యాగ్ అంటారు. గెలిచిన జట్టుకి రెండు బెల్టులు. ఆ బెల్టులు మొట్టమొదట ఎవరి నడుముకున్నాయి, వాళ్ళ దగ్గర్నుంచి ఎవరు పట్టుకుపోయారు, ఎవరి భుజం విరిగినప్పుడు అవి ఖాళీగా పడున్నాయి, అంతా మనవడు ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెపుతున్నాడు, ఇంగ్లీషులోనే.

అన్నయ్యకి అందులో సగమే అందింది. ఆ సగానికే చంకలు గుద్దుకుని అన్నాడు:

"ఒరే, మేవూ ఛాంపియన్లవేరా ఆ రోజుల్లో. నేనూ, మీ చిన్నమ్మమ్మానూ. మమ్మల్ని కొట్టిన జట్టు లేదు మా ఊళ్ళో."

"నో వే" అంది మనవరాలు. చిన్నమ్మమ్మ వంక చూసింది. చిన్నమ్మమ్మ కాదనలేదు. సిగ్గుపడ్డట్టు నవ్వి గ్లాసులో ఐసు ముక్కలు కదిపింది.

నేను అక్కడే ఉన్నాను, పట్టకారు చేత్తో పట్టుకుని, నాలుగడుగుల్లో. నా ఊసు ఎవరూ ఎత్తలేదు.

మా ఊరి బెల్టుల సంగతి నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. చదువు నాకు ఏడో తరగతితో సరి. కానీ చూసిందీ విన్నదీ మర్చిపోవడం నాకు చేతకాదు. అందుకే మొదట్నుంచీ చెపుతాను.

మాది తాళ్ళు పేనే ఇల్లు. గోదావరి కాలవ పక్కన, కొబ్బరి తోటల మధ్య. కొబ్బరి డొక్కల్ని కాలవగట్టు గుంటల్లో నెలల తరబడి నానేసేవాళ్ళు. నానిన డొక్కల్ని కర్రతో బాదితే పీచు ఒక పక్కకీ పొట్టు ఒక పక్కకీ వచ్చేది. ఆ గుంటల వాసనకి కొత్తవాళ్ళు ముక్కు మూసుకుని పరిగెత్తేవాళ్ళు. మాకు అది ఇంటి వాసన. సున్నిపిండి పెట్టి ఎంత రుద్దుకున్నా అమ్మ చేతుల్లోంచి పోయేది కాదు. ఆ చేతులు మొహం మీద పెట్టుకుంటేనే నాకు నిద్ర పట్టేది. ఇక్కడ మొక్కల కొట్లో కొబ్బరి పొట్టుని ఇటుకల్లా నొక్కి అమ్ముతారు. మొన్నామధ్య మా అల్లుడు ఒక ఇటుకని బకెట్లో నానేస్తే, గ్యారేజీలోకి బట్టలు తీసుకురావడానికి వెళ్ళినదాన్ని అక్కడే నిలబడిపోయాను. "ఏంటత్తయ్యా, కళ్ళు తిరిగాయా" అని అడిగాడు పాపం.

తాడు పేనడానికి ఒంటి మనిషి చాలడు. ఒకరు రాట్నం తిప్పాలి, ఒకరు ఒడిలో పీచు పెట్టుకుని, వేళ్ళ మధ్యనుంచి వదులుతూ వెనక్కి వెనక్కి నడవాలి. తిప్పేవాళ్ళు తొందరపడితే తాడు మెలికలు పడుతుంది. నడిచేవాళ్ళు నిదానిస్తే ఉబ్బిపోతుంది. మా ఇంట్లో తిప్పేది నేను, నడిచేది అమ్మ. నా మణికట్లు అందుకే ఆడపిల్ల మణికట్లలా ఉండేవి కావని నాయనమ్మ గొణిగేది. చెల్లెలు రాట్నం జోలికి వచ్చేది కాదు. దానికి పొట్టు దుమ్ము పడదు, దగ్గు వస్తుంది. అది నీడన కూర్చుని పనసాకు బుట్టలు కుట్టేది, పొట్టిక్కబుట్టల కోసం. ఆ బుట్టల్లో ఉడికిన ఇడ్డెన్లకి పనసాకు కమ్మదనం పట్టేది. అందులో వేడి వేడి నెయ్యి వేసి ముందు అన్నయ్యకి, తరవాత చెల్లెలికి, ఆ తరవాత నాకు. నాకు వచ్చేసరికి నెయ్యిగిన్నె వంచి వేలితో తుడవాల్సిందే.

పక్కింటాయన గల్ఫునుంచి వచ్చి టీవీ, వీసీఆర్ తెచ్చాడు. ఊరంతా వాళ్ళ అరుగు మీదే. మొదట భక్తి సినిమాలు వేశారు. ఆ తరవాత ఒకరోజు ఒక క్యాసెట్ పెట్టారు. దాన్నిండా కండలు తిరిగిన దొరలు, చెడ్డీల మీద, ఒకళ్ళనొకళ్ళు ఎత్తి కుదేస్తున్నారు. ఆడవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు గానీ ఇంటికి మాత్రం వెళ్ళలేదు. మా నాయనమ్మ ముందు వరసలో చాప వేసుక్కూచుంది. వెనకనుంచి ఎవడన్నా వస్తుంటే "ఒరే పచ్చచెడ్డీవాడా, వెనక చూసుకోరా" అని వాడికి తెలుగులో చెప్పేది. వాడు వినిపించుకోక దెబ్బ తినేవాడు. ఒకడికి నుదురు చిట్లి రక్తం కారితే, "కాస్త పసుపైనా అద్దరేవర్రా" అంది.

"అదంతా నాటకం పిన్నీ" అన్నాడు గల్ఫాయన.

"నాటకానికి ఎవడైనా అంత దెబ్బ తింటాడ్రా. నువ్వు తిను చూద్దాం" అంది నాయనమ్మ.

ఆ ఇంట్లో పిల్లలందరికీ పాలపొడి చెంచాడు అరచేతిలో వేసేవాళ్ళు. నాలిక్కి అంటుకుని అంగుట్లోకి ఎక్కేది. దాన్ని కరిగించుకుంటూ, నోరు తెరవకుండా, మేం ఆ జట్టు కుస్తీలు చూశాం. గల్ఫాయన కొడుక్కి క్యాసెట్ అంతా నోటికొచ్చు. జతగాడు మూలన కట్టిన చిన్న తాడుముక్క పట్టుకునే చెయ్యి చాపాలని, తాడు వదిలేసి చాపితే చెల్లదని చెప్పింది వాడే. తాడు అనగానే మాకు కులాసా పుట్టింది. తాళ్ళకి మా ఇంట్లో కరువా.

పెరట్లో పొట్టు గుట్ట ఇంటి చూరంత ఎత్తు ఉండేది. దాని పక్కన పొట్టు పరిచి, నాలుగు మూలలా కొబ్బరి దుంగలు పాతి, చుట్టూ మూడు వరసల తాళ్ళు కట్టాం. పొట్టు మీద ఎంత ఎత్తునుంచి పడ్డా దెబ్బ తగలదు. తాళ్ళకి రాసుకుంటే మాత్రం చర్మం లేచిపోతుంది. సాయంత్రం అమ్మ కొబ్బరినూనె రాస్తూ తిట్టేది. బెల్టులు గల్ఫోళ్ళబ్బాయి చేశాడు. సైకిల్ ట్యూబు కోసి, మధ్యలో పాలడబ్బా మూత బిగించాడు. మూత లోపలి వైపు బంగారంలా ఉండేది. ఎండలో పెడితే ఎదురింటి గోడ మీద వెలుగు ఆడేది.

మొదటి ఛాంపియన్లు వాడూ వాడి మేనబావా. ఎవర్నీ కొట్టకుండానే. క్యాసెట్ మాది, డబ్బా మాది, బెల్టు మాదే అన్నాడు. ఊళ్ళో మగపిల్లలు జతలు కట్టుకున్నారు. అన్నయ్యకి జత దొరకలేదు. పొట్టు వాసనొస్తాడని ఎవరూ రాలేదు. అప్పుడు నన్ను పిలిచాడు. జాలిపడి పిలవలేదు, గత్యంతరం లేక పిలిచాడు. నాకు అదే చాలు.

ఇంట్లో వాడు మగపిల్లాడు. నాతో మాట్లాడితే "నీళ్ళు తే" అనో "జరుగు" అనో. కానీ బరిలో సంగతి వేరు. వాడు కింద పడి, మీద ఇద్దరు ఎక్కి తొక్కుతుంటే, మోచేతుల మీద పాకుతూ మూలకి చూసేవాడు. ఆ చూపు నేను మర్చిపోలేదు. అప్పుడు వాడికి లోకంలో నా చెయ్యి తప్ప ఇంకేదీ కనపడేది కాదు. నేను తాడుముక్క పట్టుకుని, ఒళ్ళంతా బరిలోకి వంచి, వేళ్ళు చాపేదాన్ని. వాడి చెమట చెయ్యి నా చేతిని చరిచేది. ఆ చరుపు కోసమే నేను ఆడాను. బెల్టు తరవాతి మాట.

గల్ఫోళ్ళ జట్టుని మేమే కొట్టాం, ఒంటికి అమ్మ సీసాలోని కొబ్బరినూనె రాసుకుని. పట్టుకుంటే జారిపోతుంటే వాళ్ళేం చేస్తారు. సీసా ఖాళీ అయిందని అమ్మ వీపు చీరేసింది, అది వేరే కథ. ఆ తరవాత రేవు దాటించే పడవాయన కొడుకులిద్దరు మా కళ్ళల్లో పొట్టు కొట్టి బెల్టులు లాక్కుపోయారు. మళ్ళీ వినాయకచవితి వెళ్ళాక మేం గెలుచుకున్నాం. పెద్దవాడి మణికట్టు నేను పట్టుకుని వదల్లేదు. రాట్నం పిడి పట్టుకున్నట్టే పట్టుకున్నాను. వాడు ఏడ్చాడు. ఆ రోజు అన్నయ్య నన్ను భుజాల మీద ఎక్కించుకుని కాలవగట్టు దాకా తిప్పాడు. మా ఇద్దరి నడుములకీ రెండు మూతలు. కాలవలో పడవల మీద పోయేవాళ్ళు చూసి నవ్వుతున్నారు. నా జన్మలో అంత ఎత్తున నేనెప్పుడూ కూర్చోలేదు, ఇక్కడికి వచ్చిన విమానంతో కలిపి.

ఆ తరవాతి వానల్లో నేను పెద్దమనిషినయ్యాను.

పెరటివైపు గదిలో తాటాకు చాప వేసి కూర్చోబెట్టారు. గదికి ఒక కిటికీ, కిటికీకి కర్ర ఊచలు, ఎదురుగా మా బరి. నాయనమ్మ గుమ్మంలో నిలబడి, "సమర్త స్నానమయ్యేదాకా దీన్నెవరూ ముట్టుకోకండర్రా" అని పిల్లలందరికీ చాటింపు వేసింది. ఆడవాళ్ళు వస్తున్నారు, పాటలు పాడుతున్నారు, చిమ్మిలి ఉండలూ కొబ్బరి ముక్కలూ విస్తట్లో పడేస్తున్నారు, దూరంనుంచే. నువ్వుల వాసన, బెల్లం వాసన, పసుపు వాసన. అందరూ నన్ను చూసి మురిసిపోతున్నారు. నాకు మాత్రం ఒకటే గుబులు. ట్యాగ్ అంటే ముట్టుకోవడమే కదా. నన్ను ముట్టుకోకూడదంటే మరి నా జట్టు సంగతేంటి.

పడవాయన కొడుకులు ఆ ఆదివారానికే పందెం చెప్పారు. అన్నయ్య కిటికీకి దూరంగా వచ్చి నిలబడి, ఒక కాలితో ఇంకో కాలు గోక్కున్నాడు.

"ఆపు. నేను బయటికొచ్చేదాకా ఆపు" అన్నాను.

"ఆపితే బెల్టులు ఇచ్చెయ్యాలంట. గల్ఫోళ్ళబ్బాయి చెప్పాడు."

"మరేం చేస్తావ్?"

"చెల్లిని పెట్టుకుంటా."

"దానికి రాట్నం తిప్పడం కూడా రాదు."

"నేర్పుతాలే" అన్నాడు.

ఆ 'నేర్పుతాలే' నా గుండెల్లో ఎక్కడ దిగిందో ఇప్పటికీ తీయలేదు. నాకెవరు నేర్పారు. నేను చూసి నేర్చుకున్నాను, పడి నేర్చుకున్నాను. దానికి మాత్రం అన్నయ్య చెయ్యి పట్టుకుని, ఎలా పడాలో, ఎలా దొర్లాలో, మెడ ఎలా దాచుకోవాలో నా కిటికీ ముందే నేర్పాడు. దగ్గు వస్తుందని దాని ముక్కుకి తడిగుడ్డ కట్టాడు. నాకు పొట్టు పడుతుందో లేదో ఎవరూ అడగలేదు.

ఆదివారం నాడు అది ఓడిపోవాలని నేను మొక్కని దేవుడు లేడు. అది ఓడిపోలేదు. ఈకలాంటి పిల్ల. అన్నయ్య దాన్ని ఎత్తి అవతలివాళ్ళ మీదికి విసిరేవాడు. అది గాల్లో తేలుతూ వెళ్ళి వాళ్ళ మెడలకి చుట్టుకునేది. నన్నలా విసరడం వాడి తరం కాదు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇవతల గదిలో పెద్దమ్మ నాకు పాటలో పెళ్ళికొడుకుని వెతుకుతోంది. నేను ఊచలకి మొహం ఆనించి చూశాను. అన్నయ్య కింద పడ్డాడు. మోచేతుల మీద పాకాడు. మూలకి చూశాడు. నా చూపే అది, నాకు చెందిన చూపు. వెళ్ళి దాని మీద వాలింది.

సాయంత్రం అది గుమ్మం అవతల నిలబడి, "అక్కా చూడు, నాక్కూడా సరిపోయింది" అంది. నా బెల్టుకి కొత్తగా మేకుతో చిల్లు పొడిచారు, దాని సన్న నడుముకి సరిపోయేలా. నేను దాని వంక చూడకుండా చిమ్మిలి ఉండ చిదిపి చీమలకి పెట్టాను. "అక్కకి ఇష్టంలేదా చిమ్మిలి" అని అడిగింది. దానికి నిజంగా తెలీదు, అదే నాకు ఇంకా మంట.

స్నానం చేయించి, ఓణీ వేసి, బయటికి తెచ్చారు. ఇంకేం బయట. పొట్టులో దొర్లే ఈడా నీది అంది నాయనమ్మ. కాలవ అవతల హైస్కూలుకి పంపేదేమిటి అంది అమ్మ. నాన్న తాడు చుట్టలు లెక్కపెట్టుకుంటూ ఉండిపోయాడు. నేను రాట్నం దగ్గర కూర్చున్నాను. అక్కణ్ణుంచి బరి ఇంకా బాగా కనిపించేది. అన్నయ్యా చెల్లెలూ ఆ బెల్టులు ఎవరికీ ఇవ్వలేదు. పొరుగూరి పిల్లలు కూడా వచ్చి ఓడిపోయి వెళ్ళేవాళ్ళు. అందుకే ఆ మాట అబద్ధం కాదు. వాళ్ళని కొట్టిన జట్టు లేదు. గెలిచినప్పుడల్లా మూత మీద ఎండపడి వెలుగు తిన్నగా రాట్నం దగ్గరికే వచ్చేది, వేరే చోటు లేనట్టు.

ఏడాది తిరిగాక చెల్లెలి వంతు వచ్చింది. అదే గది, అదే చాప, అదే కిటికీ. నేను బయట. పైకి అనలేదు గానీ, లోపల నా పీచు కాస్త మెత్తబడింది. ఇప్పుడు తెలుస్తుంది దానికి అనుకున్నాను. పడవాయన కొడుకులు అప్పుడే మళ్ళీ పందెం చెప్పారు. ఇక బెల్టులు పోయినట్టే అనుకున్నాను.

మర్నాడు అన్నయ్య నా దగ్గరికి వచ్చాడు. నీళ్ళు తెమ్మని అడగడానికి కాదు. "ఒక తాడు కావాలే. సన్నగా, నున్నగా ఉండాలి. చేతులు గీసుకోకూడదు" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. వాడు నన్ను ఒకటి అడిగాడన్న సంబరంలో ఉన్నాను. తెల్లటి పీచు ఏరి, నూగు దులిపి, అమ్మని బతిమాలి నడిపించి, నేను తిప్పాను. అంత మెత్తటి తాడు ఆ పెరట్లో ఎప్పుడూ పేనలేదు. నూనెగుడ్డతో తుడిచి మరీ ఇచ్చాను.

ఆ తాడు ఒక కొస బరి మూలన దుంగకి కట్టాడు. రెండో కొస పట్టుకెళ్ళి, కిటికీ ఊచల్లోంచి లోపలికి విసిరాడు.

"జతగత్తె తాడు పట్టుకునే ఉంది" అన్నాడు అందరితో. "మేం ఇద్దరం ఉన్నట్టే."

గల్ఫోళ్ళబ్బాయి తల గోక్కుని, తాడు ఇంతే పొడుగుండాలని క్యాసెట్‌లో ఎక్కడా లేదన్నాడు. పడవాయన కొడుకులు నాయనమ్మ దగ్గరికి పరిగెత్తారు, ఆ పిల్ల ముట్టుకున్న తాడు మేం ముట్టుకుంటే మైల కాదా అని. నాయనమ్మ ఆకు నవులుతూ, "పీచుకి మైలేవిట్రా. పీచుకి మైలుంటే ఈ కొంపలో ఎసరు పెట్టేదాన్నేనా నేను" అంది. నిజమే. మా ఇంట్లో ఆడవాళ్ళు ఆ మూడు రోజులూ విడిగా కూర్చునేవాళ్ళు గానీ తాడు మాత్రం పేనేవాళ్ళు. పీచుకి అంటులేదన్నది మా ఇంటి శాస్త్రం. ఆ శాస్త్రం నా అప్పుడూ ఉంది. కిటికీ అప్పుడూ ఉంది. తాళ్ళు అప్పుడూ ఉన్నాయి. తోచలేదు, అంతే.

ఆ రోజు అన్నయ్య ఒక్కడే ఇద్దరితో ఆడాడు. ట్యాగ్ ఇవ్వడానికి ఎవరూ లేరు. వాడు దెబ్బ తిని తాళ్ళ మీద పడ్డప్పుడల్లా నేను పేనిన తాడు కదిలేది, కిటికీలోపల చెల్లెలు నవ్వేది. వాడు కిందపడి మూలకి చూసేవాడు, తాడు వెంట చూపు కిటికీదాకా పోయేది, మళ్ళీ లేచేవాడు. ఎన్నిసార్లు పడ్డాడో, అన్నిసార్లు లేచాడు. చివరికి వాన ముంచుకొచ్చి ఆట ఆగింది. ఎవరూ గెలవలేదు కాబట్టి బెల్టులు పాతవాళ్ళవే అని తీర్పు. నేను రాట్నం పక్కన తడుస్తూ నిలబడ్డాను. పీచు తడిసిందని అమ్మ నన్నే తిట్టింది.

అదే ఆఖరి ఆట. గల్ఫోళ్ళబ్బాయిని టౌనులో హాస్టల్లో వేశారు. కాలవ మీద వంతెన కట్టాక పడవ పోయింది. నైలాన్ తాళ్ళు వచ్చి మా రాట్నం అటకెక్కింది. డొక్కలు నానేసిన గుంటలు రొయ్యల చెరువులయ్యాయి; ఇప్పుడక్కడ వాసన కూడా వేరు. బెల్టులకి వారసులు లేరు. ఒక ట్యూబుని నాన్న బోరింగు పైపుకి చుట్టాడు. ఒక మూత అమ్మ ఉప్పు జాడీ మీద పెట్టింది. రెండోది ఏమైందో ఎవరూ చెప్పలేదు.

చెల్లెల్ని గదిలోంచి తెచ్చాక, దాని బడి మాన్పించే మాట వచ్చింది. అప్పుడు నాన్న నోరు తెరిచాడు. "పెద్దదాన్ని మాన్పించి ఏం బావుకున్నాం. దీన్ని చదవనీ" అన్నాడు. అది చదివింది. డాక్టరైంది. ఈ దేశం వచ్చింది. మా అమ్మాయి ఇక్కడ యూనీలో, అదే యూనివర్సిటీలో, చేరిందంటే అది చూపిన దారే. నా మోకాళ్ళకి ఏ మందు వెయ్యాలో, ఏ రోజు రక్తం పరీక్షకి వెళ్ళాలో అదే చూసుకుంటుంది. దాని రుణం తీరేది కాదు. నా కుళ్ళూ తీరేది కాదు. రెండూ ఒకే కడుపులో ఉన్నాయి, ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా.

ఇదంతా పొత్తులు తిప్పుతూనే నా మనసులో తిరిగింది. పొత్తులు పళ్ళెంలో పెట్టి, నిమ్మచెక్కతో ఉప్పూకారం రాసి, అన్నయ్యకి అందించి, అడిగేశాను.

"దానికి తాడు కట్టావు. నాకెందుకు కట్టలేదు అన్నయ్యా?"

వాడు ముందు నవ్వబోయాడు. నా మొహం చూసి మానేశాడు. "వాట్ రోప్?" అన్నాడు మనవడు. అన్నయ్య పొత్తుకి అంటుకున్న పీచు ఒక్కొక్కటే తీసి పళ్ళెం అంచున పెట్టాడు. పెట్టుడు పళ్ళకి మొక్కజొన్న గింజ ఎలాగూ నలగదు.

"నీ అప్పుడు తోచలేదే" అన్నాడు.

"దాని అప్పుడు ఎలా తోచింది?"

"నిన్ను చూశాకేగా తోచింది. ఆ ఊచలు పట్టుకుని చూసేదానివి. తరవాత రాట్నం కాడ కూర్చుని కూడా అలాగే చూసేదానివి. ఏడాదంతా నీ వైపు తిరగాలంటే బెదురు నాకు. ఇంకోసారి అట్టా చెయ్యకూడదనుకున్నా. అందుకని దానికి కట్టా."

చెల్లెలు కళ్ళద్దాలు దించుకుంది. "ఎంత మెత్తగా ఉండేదో అక్కా ఆ తాడు. చదువుకోడానికి వెళ్ళినప్పుడు నా పెట్టెకి అదే కట్టుకున్నాను" అంది.

"పేనింది ఎవరనుకున్నావ్?" అన్నాను.

అది నా వంక చూసింది. ఇన్నేళ్ళూ దానికి తెలీదు. అన్నయ్య చెప్పలేదు. నేనూ చెప్పలేదు. చెప్పుకుంటే పోయేదే గానీ, అడగందే ఎలా చెప్పను.

మనవరాలు మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. మనవడికి మాత్రం ఒక్కటే కావాలి. "సో హూ హ్యాడ్ ద టైటిల్ ఫస్ట్?" అన్నాడు.

"ముగ్గురవూ రా" అన్నాడు అన్నయ్య, గొడవ తీరిపోతుందని.

"కాదు" అన్నాను. "మొదట గల్ఫోళ్ళు. తరవాత తాతయ్యా నేనూ. తరవాత పడవోళ్ళు. తరవాత మళ్ళీ తాతయ్యా నేనూ. ఆ తరవాతే మీ చిన్నమ్మమ్మ."

వాడు వేళ్ళు మడిచి లెక్క చూసుకుని, "అమ్మమ్మా, దెన్ యూ ఆర్ ఎ టూ-టైమ్ ఛాంపియన్" అన్నాడు, చాలా గౌరవంగా. నాకు నవ్వొచ్చింది. చెల్లెలికీ నవ్వొచ్చింది. అన్నయ్య పొత్తు పక్కన పెట్టి, అరిచెయ్యి మోకాలి మీద తిరగేసి పెట్టుకుని, దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

వాడు చెప్పింది నిజమేనని నాకు తెలుసు. తాడు పేనేవాళ్ళకి తెలిసిన సంగతే అది. మొదటి బార ఎప్పుడూ కుదరదు. తిప్పేవాళ్ళ చెయ్యీ నడిచేవాళ్ళ అడుగూ ఒకటి కావాలంటే, ఒక బారెడు పాడవాల్సిందే. దానిమీద చెయ్యి కుదిరాక రెండోది సాఫీగా వస్తుంది. రెండోదే సంతకి వెళుతుంది. మొదటిదాన్ని అమ్మ పారేసేది కాదు. నూతి చేదకి, ఉట్టికి, దూడ మెడకి, ఇంటికి కావలసినవన్నీ దాంతోనే కట్టేది. ఇల్లు నిలబడేది దానిమీదే అనేది.

అనేది సరే. ఆ మొదటి బారకీ సంత చూడాలని ఉండేది.